డీఎస్సీ చేజారింది, పాటలు వస్తున్నాయి: దేవుని చిత్తం ఏది?

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నా వయసు 24. డి.ఎడ్. చేసి ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. సండే స్కూలు పిల్లల కోసం మా లంబాడీ భాషలో పాటలు కడుతుంటాను. ఇప్పుడు పక్క తండాల ఆడవాళ్ళు కూడా వాటిని పాడుకుంటున్నారు. వాటిని పుస్తకంగా, రికార్డుగా తేవాలన్నది నా కల. 2024లో డీఎస్సీ రాసే ముందు, "ప్రభువా, ఉద్యోగం వస్తే అదే నీ చిత్తం, రాకపోతే పాటల పరిచర్యే నీ చిత్తం" అని ప్రార్థించాను. ఒక మార్కుకన్నా తక్కువ తేడాతో పోయింది. ఆ తరువాత సువార్త సభలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు నా తలమీద చెయ్యి ఉంచి, ఉద్యోగ ప్రయత్నాలు మానేసి పూర్తికాల సేవకు రమ్మని దేవుడు పిలుస్తున్నాడని ప్రవచించారు. అక్కడే ఆయన కానుక అడిగితే, విశ్వాసపు కానుకగా 10,000 రూపాయలు ఇస్తానని అందరి ముందు ఒప్పుకున్నాను. 4,000 పంపాను. వేలమంది ముందు వేదికమీద పాడుతున్నట్లు రాత్రి కల కూడా వచ్చింది. మా సంఘంలో ఒక పెద్దాయనేమో నా పాటల్లో మా తీజ్ పండుగ బాణీలు ఉన్నాయని అభ్యంతరం చెబుతున్నారు. మా నాన్న హైదరాబాదులో మేస్త్రీ పని చేస్తారు. ఎండిపోయిన బోర్ల అప్పు, నా చదువు అప్పు కలిపి మూడు లక్షలుంది. తమ్ముడు గురుకులంలో ఇంటర్ చదువుతున్నాడు. నాన్న మళ్ళీ డీఎస్సీకి చదవమంటున్నారు. చదివితే దేవునికి అవిధేయురాలిని అవుతానేమోనని భయం. అసలు నాకు పాటల వరం ఉందో లేదో అన్న సందేహం కూడా ఉంది. ప్రవచనం సంగతి నాన్నకు ఇంకా చెప్పలేదు. నన్ను మీ కూతురనుకొని దారి చూపండి.

సమాధానం: అమ్మా, నీకు నిద్ర పట్టకుండా చేస్తున్న భయం సంగతి ముందు తేల్చేద్దాం. డీఎస్సీకి చదవడం అవిధేయత కాదు. పుస్తకం తెరిచినందుకు దేవుడు నీమీద కోపగించడు. పాటలు కట్టినందుకూ కోపగించడు. ఈ రెంటిలో ఒకటి ఆయన చిత్తం, రెండోది ఆయనకు విరోధం అని నీకు నీవే ఒక గీత గీసుకున్నావు. ఆ గీత ఆయన గీసినది కాదని నా గట్టి నమ్మకం.

ఆ గీత నీ ప్రార్థనలోనే పడింది. "ఉద్యోగం వస్తే ఇది, రాకపోతే అది" అన్నావు. డీఎస్సీ ఫలితం ఎలా తేలుతుందో నీకు బాగా తెలుసు. పరీక్ష 80 మార్కులకు, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) వెయిటేజీ 20. రాష్ట్రమంతటికీ 11,062 పోస్టులున్నా, నువ్వు పోటీపడింది నీ జిల్లాలో, నీ విభాగంలో ఉన్న కొద్ది పోస్టులకు. ఆ జాబితాలో ఇంకొక్క ఖాళీ ఉండి ఉంటే ఈ పాటికి నువ్వు ఏదో ఒక ప్రాథమిక పాఠశాలలో హాజరు వేస్తూ ఉండేదానివి. అప్పుడు నీ పాటలు దేవుని చిత్తం కాకుండా పోయేవా? పక్క తండా స్త్రీలు వాటిని పాడడం మానేసేవారా? ఖాళీల సంఖ్య కూడా దేవుని చేతిలో ఉన్నదే, కాదనను. అయితే ఆయన చేతిలో ఉన్న ప్రతి సంగతీ మనం పెట్టిన ప్రశ్నకు జవాబు కావాలని ఎక్కడా లేదు.

గిద్యోను గొఱ్ఱెబొచ్చు పరిచి గురుతు అడిగాడు కదా అంటావేమో. న్యాయాధిపతుల ఆరో అధ్యాయం మొదటినుంచి చదువు. ఏం చెయ్యాలో దేవుడు అతనికి అప్పటికే స్పష్టంగా చెప్పాడు. అతను గురుతు అడిగింది దారి తెలియక కాదు, చెప్పిన మాటమీద ధైర్యం చాలక. దేవుడు అతని బలహీనతను ఓర్చుకొని జవాబిచ్చాడు గానీ, మీరందరూ ఇలాగే అడగండని చెప్పలేదు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి చీట్లు వేశారు. రెండో అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాడు. ఆ తరువాత ఆ పుస్తకం చివరివరకూ విశ్వాసులు ఒక నిర్ణయంకోసం చీట్లు వేసిన సందర్భం ఒక్కటీ కనిపించదు. కలిసి ప్రార్థించారు, వాదించుకున్నారు, లేఖనాలు విప్పి చూశారు, ఒకరి మాట ఒకరు విన్నారు. మనకు మిగిలిన దారి అదే. నువ్వు పరీక్షను చీటీగా వేశావు. నీ మనసు మంచిదే, అడిగిన పద్ధతి సరైనది కాదు. కాబట్టి ఆ ప్రార్థన నిన్ను కట్టిపడేయదు.

దేవుని చిత్తంలో చాలా భాగం దాచిపెట్టి లేదు. పరిశుద్ధంగా బతకడం, అన్నిటిలో కృతజ్ఞత చెప్పడం, న్యాయంగా నడవడం, కనికరాన్ని ప్రేమించడం, ఇవి దేవుని చిత్తమని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలోనూ మీకా ఆరో అధ్యాయంలోనూ సూటిగానే ఉంది. వాటికి గురుతులు అడగనక్కరలేదు. వీటిని నువ్వు పాటిస్తున్నావని నీ ఉత్తరమే చెబుతోంది గనుక ఇక్కడ ఎక్కువ ఆగను.

నేను ఆగి మాట్లాడదలచుకున్నది నీ వరం గురించి. వరం ఉందో లేదో అన్న సందేహం నీకు ఎందుకు వచ్చిందో నాకు అర్థం కాలేదు. నువ్వు వెళ్ళని తండాల్లో నీ పాటలు పాడుతున్నారని నువ్వే రాశావు. వాళ్ళకు నిన్ను మెప్పించవలసిన పని లేదు. ఆ పాట పాడితే వాళ్ళకేమీ రాదు. అయినా కూలికి పోతూనో, బిడ్డను నిద్రపుచ్చుతూనో పాడుకుంటున్నారు. ప్రవచనంకన్నా, రాత్రి వచ్చిన కలకన్నా, ఒక మార్కు తేడాకన్నా గట్టి సాక్ష్యం ఇది. ప్రతివానికి ఆత్మ అనుగ్రహించబడింది అందరి ప్రయోజనంకోసమే అని కొరింథీయులకు పౌలు రాశాడు. ఆ ప్రయోజనం నీ కళ్ళముందే కనిపిస్తోంది.

నిర్గమకాండంలో బెసలేలు గురించి చదివి ఉంటావు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిలు పేరుపెట్టి చెప్పిన తొలి మనుషుల్లో అతనొకడు. అతను ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, ఇత్తడి, కొయ్య, రాళ్ళమీద పనిచేసే చేతిపనివాడు. ముప్పై అయిదో అధ్యాయంలో ఇంకొక మాట ఉంది, దాన్ని మనం సాధారణంగా దాటేస్తాం. ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడు అతని హృదయంలోను, అహోలీయాబు హృదయంలోను పుట్టించాడట. వరం ఒకరి దగ్గర ఆగిపోకుండా చూడడం కూడా వరంలో భాగమే. నువ్వు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదానివి, పాటలూ కట్టేదానివి. ఈ రెండూ నీలో కలిసి ఉండడం వట్టి యాదృచ్ఛికమని నేననుకోను. నీ దగ్గర నేర్చుకొని పాట కట్టే పదేళ్ళ పిల్ల నీ తండాలో ఎవరైనా ఉందా? ఇప్పటికి లేకపోతే, నీ కలలో ఆమెకు కూడా చోటు పెట్టు.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు బాప్టిస్టు, మెన్నోనైటు మిషనరీలు వచ్చారని సంఘ చరిత్రల్లో పేర్లతో సహా రాస్తారు. మిషనరీ దొర అడుగుపెట్టలేని ఇంటి లోపలికి వెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చొని వాక్యం చెప్పింది మాత్రం బైబిలు స్త్రీలు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చదువు రానివాళ్ళకు వాళ్ళు వాక్యాన్ని పాటలో పెట్టి నోటికి నేర్పారు. తెలుగు సంఘం తన సొంత రాగాల్లో దేవుణ్ణి స్తుతించగలిగిందంటే, 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరిలాంటి కవులు విదేశీ బాణీలకు అనువాదాలు అతికించి ఊరుకోకుండా ఈ నేల ఛందస్సులో కీర్తనలు కట్టినందువల్లే. తెలుగువాళ్ళకు దొరికిన ఆ భాగ్యం లంబాడీ అమ్మకు ఎందుకు దొరకకూడదు? ఆమె ఏళ్ళతరబడి తెలుగులో పాడుతోంది, సగం అర్థమై సగం కాక. నీ పాట విన్నప్పుడు దేవుడు తన యాడి (అమ్మ) మాట్లాడిన భాషలో తనతో మాట్లాడుతున్నాడని ఆమెకు తోస్తుంది. ఇది చిన్న పని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తీజ్ బాణీల మాట కూడా ఇక్కడే చెబుతాను. మీ సంఘపు పెద్దాయన ఆందోళనను కొట్టిపారేయకు. పాత విశ్వాసాన్ని కష్టపడి విడిచి వచ్చిన మనిషికి ఆ బాణీ వినగానే గోధుమ మొలకల బుట్టలు, ఆ పూజ, ఆ రోజులు గుర్తుకు రావచ్చు. రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు బలహీనుని గురించి పడిన శ్రద్ధ మనకూ ఉండాలి. అయితే బాణీ తనంతట తాను ఏ దేవతదీ కాదన్నది నా అభిప్రాయం. మీ భాషలో ఇంకా ఎన్నో పాటలున్నాయి: పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడేవి, పొలం పనిలో పాడేవి, పిల్లల ఆటల్లో పాడేవి. నేరుగా పూజకు కట్టిన బాణీని ప్రస్తుతానికి పక్కన పెట్టి మిగిలినవాటితో మొదలుపెట్టు. ఆ పెద్దాయనను పాట కట్టేటప్పుడే పిలిచి వినిపించు. కట్టడం అయ్యాక వినిపిస్తే అది తీర్పు అడిగినట్లుంటుంది. కట్టేటప్పుడు వినిపిస్తే ఆయన కూడా పాటలో ఒక చెయ్యి వేసినవాడవుతాడు. తీజ్ చేసుకునే మీ బంధువులను, పొరుగువాళ్ళను పాటలో ఎక్కడా తక్కువ చేయవద్దు. వాళ్ళూ నీ శ్రోతలే.

ఇక ఆ ప్రవచనం. ప్రవచనాలను నిర్లక్ష్యం చేయవద్దన్న చోటే, సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని కూడా ఉంది. రెండూ పక్కపక్క వచనాలు. మొదటిది చదివి రెండోది వదిలేసే హక్కు ప్రసంగీకునికీ లేదు, నీకూ లేదు. నాతాను నిజమైన ప్రవక్త. దావీదు మందిరం కట్టాలనుకుంటున్నానని చెప్పగానే, "నీకు తోచినదంతా చెయ్యి, యెహోవా నీకు తోడుగా ఉన్నాడు" అన్నాడు. అదే రాత్రి దేవుడు అతణ్ణి మళ్ళీ పంపాడు, మొదట చెప్పినదాన్ని సరిదిద్దమని. నిజమైన ప్రవక్త, ఎదుట దైవభక్తిగల రాజు, మంచి ఆశయం, అయినా తొందరపడి చెప్పిన మాట దేవుని మాట కాలేకపోయింది. నీ పేరు, నీ ఊరు, మీ నాన్న మోస్తున్న అప్పు, ఇవేవీ తెలియని ఒక మనిషి కొద్ది నిమిషాల్లో చెప్పినదాన్ని పరీక్షించకుండా ఎలా తీసుకుంటాం?

పరీక్షించడమంటే వేరే ఏమీ లేదు. నిన్ను చిన్నప్పటినుంచి ఎరిగిన నీ సంఘ కాపరితో, సంఘంలో ప్రార్థించే ఇద్దరు పెద్దామ్మలతో ఆ మాట చెప్పి, వాళ్ళ హృదయంలో దేవుడు ఏమి పెడతాడో వినడం. తిమోతికి వరం పెద్దలు హస్తనిక్షేపణం చేసినప్పుడు, అంటే చేతులుంచి ప్రార్థించినప్పుడు, అనుగ్రహించబడిందని పౌలు గుర్తుచేశాడు. ఆ పెద్దలు తిమోతి ప్రవర్తన చూసినవాళ్ళు, లుస్త్రలోను ఈకొనియలోను అతని పేరు విన్నవాళ్ళు. అంతియొకయ సంఘంనుంచి బర్నబాను, సౌలును పంపినప్పుడు కూడా అక్కడివాళ్ళు కలిసి ఉపవాసముండి ప్రార్థించి పంపారు. దేవుడు ఒకరిని పిలిస్తే ఆ పిలుపు పక్కవాళ్ళకు కూడా వినిపించే ఏర్పాటు చేస్తాడు. నీ సంఘం ఇంకా వినలేదంటే, ఆ పిలుపు లేదని కాదు. తొందరపడవద్దని.

డబ్బు అడిగిన సంగతిమీద మాత్రం నాకు మెత్తగా మాట్లాడాలని లేదు. సైన్యాధిపతి నయమాను కుష్ఠు బాగుపడినప్పుడు ప్రవక్త ఎలీషా కానుక ముట్టుకోలేదు. వెనక పరుగెత్తి అడిగి తీసుకున్నది అతని సేవకుడు గేహజీ. పిలుపునూ కానుకనూ ఒకే నోట, ఒకే నిమిషంలో, మైకు ముందు అడిగేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి, వాళ్ళు ఎంత పేరున్నవారైనా సరే. ఎవరూ బలవంతంగా గాని సణుగుకొంటూ గాని ఇవ్వకూడదని, హృదయంలో నిశ్చయించుకొన్న ప్రకారం ఇవ్వాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక చెబుతోంది. జనం చూస్తుండగా నీ నోట రప్పించిన అంకె నువ్వు నిశ్చయించుకున్నది కాదు. మ్రొక్కుకొని చెల్లించకపోవడంకన్నా మ్రొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథంలో ఉందని నువ్వు బెదురుతావని నాకు తెలుసు. అది దేవునికి మొక్కిన మొక్కు గురించి. నువ్వు మాటిచ్చింది ఒక మనిషికి, ఒత్తిడిలో. నీ నోటి మాటవల్ల చిక్కుబడితే వెళ్ళి, తగ్గించుకొని అడిగి, త్వరపడి తప్పించుకొమ్మని సామెతలు ఆరో అధ్యాయం ఒక తండ్రి కొడుకుకు చెబుతున్నట్లు చెబుతుంది. అక్కడ సంగతి పూచీ గురించే అయినా, నీ పరిస్థితికి ఆ సలహా సరిగ్గా సరిపోతుంది. మిగిలిన 6,000 పంపవద్దు.

దావీదు సంగతి మధ్యలో వదిలేశాను. మందిరం నువ్వు కట్టవు అని దేవుడు అతనికి చెప్పాడు. మనం ఆ మాట దగ్గరే ఆగిపోతాం. ఆ కాదన్న మాట తరువాత దావీదు ఏం చేశాడో దినవృత్తాంతాలు మొదటి గ్రంథం చివరి అధ్యాయాల్లో చూడు. రాళ్ళు చెక్కించాడు. తలుపుల మేకులకు ఇనుము పోగుచేశాడు. లెక్కలేనన్ని దేవదారు మ్రానులు తెప్పించాడు. మందిరపు నమూనా సొలొమోను చేతికి ఇచ్చాడు. పాడేవాళ్ళను వంతులవారీగా ఏర్పాటు చేశాడు. తరువాత సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించిన రోజున, "నా నామానికి మందిరం కట్టాలన్న తాత్పర్యం నీకు కలగడం మంచిదే" అని దేవుడు తన తండ్రితో చెప్పిన మాటను అందరి ముందూ గుర్తుచేశాడు. కల మంచిది. అది దావీదు అనుకున్న రూపంలో నెరవేరలేదు, అంతే. డీఎస్సీ వచ్చినా రాకపోయినా, పుస్తకం అచ్చయినా కాకపోయినా, నీ ఆశ దేవుని దృష్టికి మంచిదే. నువ్వు పోగుచేసే పాటలు రేపు వేరొకరి చేతిలో మందిరం కావచ్చు. దానికి నువ్వు సిద్ధపడగలవా? నీ కలలో ఎంత భాగం దేవునిదో, ఎంత భాగం నీ పేరుదో నీకు చూపించే ప్రశ్న ఇది. జవాబు నాకు రాయనక్కరలేదు.

నీకు వచ్చిన రాత్రి కల గురించి కొద్దిగా. దేవుడు కలలద్వారా మాట్లాడగలడు, యోసేపులిద్దరే అందుకు సాక్ష్యం. పనిపాట్ల ఒత్తిడివల్ల కూడా కలలు వస్తాయని ప్రసంగి అంటాడు. వేదిక, జనం, వెలుగులు, ఇవన్నీ ఆ సభల తరువాత వచ్చిన కలలో ఉండడంలో ఆశ్చర్యం లేదు. అది దేవుడిచ్చినదే అనుకున్నా, పౌలు చూసిన దర్శనాన్ని గుర్తుచేసుకో. ఆసియలో వాక్యం చెప్పబోతే ఆత్మ ఆటంకపరిచాడు, బితూనియకు వెళ్ళబోతే వెళ్ళనివ్వలేదు. త్రోయలో రాత్రివేళ మాసిదోనియ దేశస్థుడొకడు "వచ్చి మాకు సహాయం చెయ్యి" అని బతిమాలడం కనిపించింది. వెంటనే వాళ్ళందరూ కలిసి అది దేవుని పిలుపని నిశ్చయించుకున్నారు, పౌలు ఒక్కడే కాదు. తీరా ఫిలిప్పీకి వెళ్ళాక మొదట విన్నది ఎవరు? ఊరి బయట ఏటి ఒడ్డున కూడుకున్న ఆడవాళ్ళు. వాళ్ళలో ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఒకతె. దర్శనంలో కనిపించిన పురుషుడికోసం పౌలు వెతుక్కుంటూ కూర్చోలేదు. నీకు వేలమంది కనిపించారు. పక్క తండాలో పత్తి ఏరి వచ్చి సాయంత్రం కూర్చునే పదిమంది స్త్రీలు ఇప్పటికే ఉన్నారు.

ఇప్పుడు మీ నాన్న. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో యేసు పరిసయ్యుల మీద కోపగించిన సందర్భం ఉంది. తల్లిదండ్రులకు అక్కరకు రావలసినదాన్ని "ఇది కొర్బాను, దేవార్పితం" అని ప్రకటించి, వాళ్ళను చూసుకునే పని తప్పించుకునేవాళ్ళు. దేవుని ఆజ్ఞను మీ పారంపర్యాచారం కోసం నిరర్థకం చేస్తున్నారని ప్రభువు అన్నాడు. ఎండలో గోడ కడుతున్న మనిషి మీద మూడు లక్షల అప్పు ఉండగా, తమ్ముడి చదువు మధ్యలో ఉండగా, ఇంట్లో స్థిరమైన జీతం తేగల ఒక్క మనిషివి నువ్వే అయి ఉండగా, దేవుని సేవ పేరుతో ఆ భారం నుంచి పక్కకు జరిగితే దానిలో కొర్బాను వాసన ఉంటుంది. నీ మనసులో అలాంటి ఉద్దేశం లేదని నాకు తెలుసు. నీ చేత అలా చేయించబోతున్నవాళ్ళున్నారు గనుక చెబుతున్నాను.

అప్పు తీర్చేదాకా పాట ఆపమని అనడం లేదు. కొరింథులో పౌలు అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి డేరాలు కుట్టాడు, విశ్రాంతిదినాన సమాజమందిరంలో తర్కించాడు. డేరాలు కుట్టిన రోజుల్లో అతను అపొస్తలుడు కాకుండా పోలేదు. చేతిపనికీ పరిచర్యకూ మధ్య తక్కువ ఎక్కువ లెక్క మనం పెట్టుకున్నదే.

నీ విషయంలో ఇంకొక మేలుంది. తండానుంచి ఆరేళ్ళ పిల్ల బడికి వచ్చినప్పుడు ఆమెకు వచ్చినది లంబాడీ, టీచరు మాట్లాడేది తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మొదటి ఏడాదంతా ఆ పిల్ల నోరు మెదపదు. మందబుద్ధి అనుకుంటారు. ఆ తరగతిలో ఆ పిల్ల భాష తెలిసిన టీచరు ఉంటే, లెక్కలను, అక్షరాలను లంబాడీ పాటలో పెట్టి చెప్పగలిగితే, ఏం జరుగుతుందో పాలమూరు పల్లెబడుల్లో పనిచేసినదాన్ని గనుక నాకు తెలుసు. ఎస్జీటీ (ప్రాథమిక పాఠశాల టీచరు) ఉద్యోగం నీ వరానికి పోటీ కాదు, అది నిలబడడానికి ఒక నేల. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతోంది. అది మనం మనస్ఫూర్తిగా పాటించవలసిన న్యాయం. బడిలో ఎంచే పాటలు, ఆకుల పాటలు, చేతులు కడిగే పాటలు. యేసు పాటలు సంఘంలో, ఇళ్ళలో, వేసవిలో వీబీఎస్‌లో (సెలవుల బైబిలు బడిలో). ఈ హద్దు నిజాయతీగా పాటించే టీచరును తండాలో క్రైస్తవులు కానివాళ్ళు కూడా నమ్ముతారు.

అందుకని చదువు. టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుంది, అయినా మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ రాయవచ్చు. ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టాలని ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఒక మార్కుకన్నా తక్కువ తేడాతో పోయినదానికి ఆ వెయిటేజీలో కొద్దిగా పెరిగినా సరిపోతుంది. నీ ప్రార్థన కూడా మార్చుకో. "ఇది ఇస్తే నీ చిత్తం" అనే బదులు, "ఏది ఇచ్చినా దానిలో నిన్ను సేవించడం నేర్పు" అని అడుగు. ప్రభువు చిత్తమైతే ఇది చేద్దాం, అది చేద్దాం అనుకోమని యాకోబు రాసింది పథకాలు వేసుకునేవాళ్ళకే. పథకం వేసుకోవద్దని ఆయన అనలేదు.

పాటల సంగతి. లంబాడీకి సొంత లిపి లేదు, ఇక్కడ మనం తెలుగు లిపిలో రాస్తాం, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. ఒక మంచి నోటుపుస్తకం కొని ఇప్పటివరకు కట్టిన పాటలన్నీ తెలుగు లిపిలో రాయి. పాట పక్కన బాణీ ఎక్కడిదో, ఆ బాణీ ఎవరి నోట విన్నావో రాయి. ఫోనులో రికార్డు చేసుకో, నీ గొంతు ఒక్కటే కాదు, పక్క తండా స్త్రీలు పాడుతున్నది కూడా, వాళ్ళను అడిగి. వాళ్ళు నీ పాటలో ఏదైనా మాట మార్చి పాడుతుంటే చిన్నబుచ్చుకోకు, ఆ మార్పును గమనించు. చాలాసార్లు వాళ్ళ మాటే బాగుంటుంది, నాలుకకు పట్టేది అదే. వాక్యం తప్పిపోకుండా నీ కాపరికి ప్రతి పాట అర్థం చెప్పి చూపించు. రికార్డింగు స్టూడియోకు, అచ్చుకు అప్పు చేయవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే పాటల ఆల్బం కోసం నగలు కుదువపెట్టిన పిల్లలను మన సంఘాల్లో చూస్తున్నాం. ఒకనాడు సంఘమే ముందుకు వచ్చి, ఈ పాటలు పుస్తకంగా వేద్దాం, తలా కొంత వేసుకుందాం అంటే, అప్పుడు వేద్దువుగాని. అది కూడా పిలుపు వినిపించే ఒక విధానమే.

కొన్నేళ్ళ తరువాత దేవుడు నిన్ను నిజంగానే బడి విడిచి రమ్మనవచ్చు. దాన్ని నేను కొట్టివేయను. ఆ రోజు వస్తే నీ సంఘం నిన్ను పంపుతుంది, మీ ఇంట్లో అప్పు ఉండదు, నీ మనసులో ఈ వణుకు ఉండదు. ఈ మూడూ ఒక్కసారే రాకపోవచ్చు, కానీ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా బయలుదేరవద్దు.

చివరగా, మీ నాన్నకు చెప్పాలా అని అడగకుండానే అడిగావు. చెప్పాలి. పంపిన 4,000 సంగతితో సహా. ఆయన ఈసారి హైదరాబాదునుంచి ఇంటికి వచ్చినప్పుడు అమ్మ కూడా ఉండగా కూర్చో. ఆయనకు కోపం వస్తే రానివ్వు, ఎదురు చెప్పకు. ముందుగా నీ పాటల పుస్తకం చూపించు, ఒక పాట పాడి వినిపించు, ఆయన ఇంతవరకు నీ పాట కూర్చొని విన్నారో లేదో నువ్వు రాయలేదు. తరువాత అప్పు లెక్క ఇద్దరూ కలిసి కాగితంమీద పెట్టండి: ఎవరి దగ్గర ఎంత, వడ్డీ ఎంత, ముందు ఏది తీర్చాలి, నీ ఇప్పటి జీతంలోంచి నెలకు ఎంత కట్టగలవు. డీఎస్సీకి ఎంత కాలం ప్రయత్నించాలో, ఆదివారాలు, వేసవి సెలవులు పాటలకు ఎంత ఉంచుకోవాలో ఆయనతోనే తేల్చుకో. ఆ ప్రసంగీకునికి మాత్రం అంతవరకు ఆగకుండా ఈ వారమే రెండు వాక్యాలు రాసి పంపు: మా ఇంట్లో అప్పు ఉంది, మిగిలిన మొత్తం ఇవ్వలేను, ఉద్యోగం విషయం మా సంఘంతో కలిసి ప్రార్థిస్తున్నాను అని. ఆయన ఫోను చేస్తే నువ్వు మాట్లాడకు, మీ కాపరికి ఇవ్వు.